చెవికి పట్టాకే పాట: ఇయర్‌ఫోన్లు ఎంచుకోవడం, వాడుకోవడం

కొత్త ఇయర్‌ఫోన్లలో బేసు లేదని వెనక్కి పంపేస్తుంటారు. ఆ బేసు చాలాసార్లు పెట్టెలోనే ఉండిపోతుంది. పెట్టె అడుగున చిన్న ప్లాస్టిక్ కవర్లో ఇయర్‌ఫోన్ మూతికి తొడిగే రబ్బర్లు రెండు మూడు జతలు ఇస్తారు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. ఆ కవరు చింపకుండానే పెట్టెతో పాటు అటకెక్కుతుంది. ఏ కంపెనీది, ఎన్ని డ్రైవర్లు (శబ్దం పుట్టించే భాగాలు), ఎంత ధర అనేవి తర్వాతి సంగతులు. ముందు రబ్బరు చెవికి పట్టాలి.

మామూలు ఇయర్‌ఫోన్‌లో సుమారు 10 మిల్లీమీటర్ల వెడల్పున్న పలచని పొర ఉంటుంది. అది కదిపే గాలి చాలా కొంచెం. చెవి దారి పూర్తిగా మూసుకుని ఉంటేనే ఆ కదలిక కర్ణభేరి దాకా చేరుతుంది. వెంట్రుకంత సందున్నా కింది స్వరాలు అందులోంచి జారిపోతాయి, తాళాలు, చప్పట్లు, ‘స’కారాలు మాత్రం మిగులుతాయి. పాట కీచుమంటోందని వాల్యూం పెంచితే కీచుదనమే పెరుగుతుంది. పంక్చరైన ట్యూబుకు ఎంత గాలి కొట్టి ఏం లాభం?

పెట్టుకునే పద్ధతి

మధ్య సైజు రబ్బరుతో మొదలుపెట్టండి. కుడి ఇయర్‌ఫోన్‌ను కుడి చేత్తో పట్టుకోండి. ఎడమ చేతిని తల వెనకనుంచి తెచ్చి, కుడి చెవి పైభాగాన్ని పట్టుకుని పైకీ వెనక్కీ లాగండి. వంకరగా ఉండే చెవి దారి కాస్త తిన్నగా అవుతుంది. అలా లాగి పట్టుకునే ఇయర్‌ఫోన్‌ను అటూ ఇటూ కొంచెం తిప్పుతూ నెమ్మదిగా లోపలికి పంపి, చెవి వదిలేయండి. రెండో చెవికీ ఇంతే, చేతులు మారతాయి. వైరు చెవి మీదుగా వెనక్కి వెళ్లే రకమైతే ముందు ఇయర్‌ఫోన్ లోపల కూర్చున్నాకే వైరును చెవి మీద వెయ్యాలి. వైరు ముందు వేసి తర్వాత నొక్కితే అది బయటికి లాగుతూనే ఉంటుంది.

ఇప్పుడు పరీక్ష. డోలు గానీ బేస్ గిటార్ గానీ ఆగకుండా వినిపించే పాటను తక్కువ వాల్యూంలో పెట్టండి. వేలితో ఇయర్‌ఫోన్‌ను మెల్లగా లోపలికి నొక్కండి. నొక్కినప్పుడు బేసు పెరిగి, వేలు తీయగానే తగ్గిందా, సందు ఉన్నట్టే. పెద్ద రబ్బరు వెయ్యండి. నొక్కినా తేడా లేకపోతే పట్టు కుదిరింది. దవడ ఆడించి, ఒక గుక్క నీళ్లు తాగి మళ్లీ వినండి. నోరు కదిలితే చెవి దారి ఆకారం కూడా మారుతుంది. ఇయర్‌ఫోన్ తనంతట తానే బయటికి జారుతుంటే రబ్బరు పెద్దదైందని అర్థం. అరగంటలో చెవి నొప్పి పుట్టినా అంతే. ఎడమ చెవికి మధ్య సైజు, కుడి చెవికి పెద్దది సరిపోయేవాళ్లు బోలెడుమంది. రెండు చెవులూ ఒకేలా ఉండాలన్న నియమమేమీ లేదు.

సిలికాన్ రబ్బరు ఏదీ పట్టనివాళ్లకు ఫోమ్ టిప్పులు ఉన్నాయి. వేళ్ల మధ్య నలిపి సన్నగా చేసి, చెవిలో పెట్టి, అది ఉబ్బేదాకా 30 సెకన్లు వేలితో ఆపి పట్టుకోవాలి. బయటి శబ్దాన్ని ఇవి బాగా ఆపుతాయి, పదునైన పై స్వరాలను కొంచెం మెత్తబరుస్తాయి. కానీ మన ఎండలకు చెమట పీల్చుకుని రెండు మూడు నెలల్లో చచ్చుబడతాయి. మార్చి నుంచి జూన్ దాకా సిలికానే మేలు.

రబ్బరు విడిగా కొనేటప్పుడు దాని తొర్ర కొలత చూడండి. ఇయర్‌ఫోన్ మూతి కొన్నింటికి 4.5 మిల్లీమీటర్లు, కొన్నింటికి 6 పైన. వదులు రబ్బరు చెవిలోనే ఉండిపోయే ప్రమాదం ఉంది. అలా ఉండిపోతే పిన్నీసుతో, అగ్గిపుల్లతో కెలకొద్దు. చెవి డాక్టరు దగ్గర అది రెండు నిమిషాల పని, మీరు కెలికి లోపలికి తోస్తే పెద్ద పని.

మీరు వినేదేంటి?

‘అన్ని పాటలకూ పనికొచ్చేది’ అని అడిగితే అంగట్లో ఏదో ఒకటి చేతిలో పెడతారు. వారంలో ఎక్కువ సేపు వినేది ఏదో దాన్ని బట్టి ఎంచుకోండి.

కర్ణాటక సంగీతం, అన్నమయ్య సంకీర్తనలు ఎక్కువగా వినేవాళ్లకు సినిమా పాటల కోసం తయారైన ‘దంచి కొట్టే బేసు’ ఇయర్‌ఫోన్లు నప్పవు. కారణం శ్రుతిలోనే ఉంది. ఒకటో శ్రుతిలో పాడే గాయకుడి షడ్జమం (‘స’) సుమారు 131 హెర్ట్జ్, అంటే సెకనుకు అన్ని కంపనాలు; అయిదున్నర శ్రుతిలో పాడే గాయనిది సుమారు 208. గాయకుడు మంద్ర పంచమానికి (కింది ‘ప’కు) దిగినా 98 దగ్గర ఆగుతాడు. అంటే 60 హెర్ట్జ్ కింద ఆ కచేరీలో గొంతుకు పనే లేదు. అక్కడ పెంచి పెట్టిన ఇయర్‌ఫోన్‌లో పెరిగేది హాలు గుంయ్‌మనడం, మైకు స్టాండు అదురు. మృదంగం ఎడమ మూత మీద రవ్వ ముద్ద పెట్టి వాయించే ‘తోం’ గుండ్రంగా పుట్టి, వంగి, ఆగిపోవాలి. బేసు ఎక్కువైన దాంట్లో అది ఆగకుండా సాగి తర్వాతి దెబ్బను మింగేస్తుంది. వేగంగా నడిచే తనియావర్తనం (కచేరీలో మృదంగం ఒంటరిగా మోగే భాగం) పదిహేను సెకన్లు వింటే ఈ తేడా తెలిసిపోతుంది.

గొంతుకు ఆయువుపట్టు 1,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య. ఆ భాగం లోతుకు పోతే గాయకుడు వేదిక వెనక్కి వెళ్లినట్టుంటాడు, పైకి లేస్తే వయొలిన్ చెవిని గీరుతుంది. తంబురా ఒక్కటే మోగే ముక్కతో పరీక్షించండి. జీవాళి దారం వల్ల పుట్టే ఆ జుంకారం పొరలు పొరలుగా విప్పుకుంటూ పోవాలి. ఈగల గుంపులా ఒకే మోతగా వినబడితే ఆ జత మీకు కాదు.

ఇంకో పరీక్ష తెలుగు ఉచ్చారణతో చేసేది. ‘చాలు’, ‘చుక్క’, ‘చల్లని’ అనే మాటల్లో మన ‘చ’ పళ్ల దగ్గర ‘త్స’ లాగా పలుకుతుంది, ‘జాబిలి’లో ‘జ’ కూడా అంతే. ‘చిలక’లోని ‘చ’ వేరు, అది మెత్తగా తాలవ్యంగా ఉంటుంది. 6,000 నుంచి 9,000 హెర్ట్జ్ మధ్య ఎక్కువ పదునున్న ఇయర్‌ఫోన్‌లో ‘చుక్క’ అన్న ప్రతిసారీ సూది గుచ్చినట్టుంటుంది, ‘చిలక’ దగ్గర అంత ఉండదు. ఈ రెండు రకాల ‘చ’లూ ఉన్న పాట ఒకటి ఫోన్లో పెట్టుకుని షాపుకి వెళ్లండి. ఇంగ్లీషు పాటలతో చేసిన సమీక్షలు ఈ సంగతి మీకు చెప్పవు.

పలకలు (డప్పులు), ఉరుములు, జాతర పాటలు, కొత్త సినిమా పాటలు వినేవాళ్ల లెక్క వేరు. అనంతపురం ఉరుముల వాద్యానికి ఆ పేరు ఊరికే రాలేదు. చర్మం మీద రాపిడితో పుట్టే ఆ గర్జన కింది స్వరాలతో పాటు గరుకుదనాన్నీ మోసుకొస్తుంది. కొత్త సినిమా పాటల్లో 30 నుంచి 60 హెర్ట్జ్ మధ్య కంప్యూటర్లో తయారైన బేసు ఉంటుంది. ఇక్కడ బేసు పెంచిన జతే తీసుకోండి, మొహమాటం వద్దు. అయితే పెరగాల్సింది 100 హెర్ట్జ్ కింద. 200 నుంచి 300 మధ్య ఉబ్బితే పలక మీద పుల్ల తగిలిన ‘చట్’ పోయి, దుప్పటి కప్పి కొట్టినట్టుంటుంది. చెక్క భజన, పండరి భజన రికార్డింగులకు ఇదే జత వాడితే గజ్జెలు, తాళాలు రేగుతాయి. వాటికి ట్రెబుల్ ఒక మెట్టు తగ్గించుకుంటే చాలు.

1950ల, 60ల సినిమా పాటలు మోనో, అంటే రెండు చెవుల్లోనూ ఒకే శబ్దం. ‘స్టీరియో వెడల్పు’ వీటికి అక్కర్లేదు. గాయకుడి గొంతు తల మధ్యలో కదలకుండా నిలబడాలి, అంతే. అంతర్జాలంలో దొరికే కాపీలు కొన్ని దొంగ స్టీరియో. ఒక చెవిలో గొంతు లావుగా, రెండో చెవిలో సన్నగా వస్తుంది. ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి మోనో ఆడియో ఆన్ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. టేపు సొద 5,000 హెర్ట్జ్ పైన వినబడుతుంది కాబట్టి కొంచెం వెచ్చగా, పై స్వరాలు తగ్గి ఉండే జత వీటికి హాయి.

పద్యనాటకాలు మరీ చిక్కు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన నాటక సమాజం పేరు తెలిసిన రాయలసీమ కదా, పద్యం పిచ్చి ఇక్కడ ఇంకా పోలేదు. పాత రికార్డింగుల్లో నటుడు తారస్థాయిలో రాగం తీస్తుంటే మైకే పగిలి ఉంటుంది. హార్మోనియం కూడా అదే ఎత్తులో అరుస్తుంది. ఆ పగులును ఏ ఇయర్‌ఫోనూ బాగుచేయదు. 2,000 నుంచి 4,000 మధ్య మూడు డెసిబెల్స్ తగ్గించి, వాల్యూం దించి వినడమే దారి. కడప పెద్ద దర్గా దగ్గర వినే ఖవ్వాలీలకూ అదే చోట ఒక రెండు డెసిబెల్స్ తగ్గిస్తే చప్పట్లు నెమ్మదిస్తాయి. ఏక్‌తార మీద పాడే బ్రహ్మంగారి తత్వాలకు దేనితోనూ పేచీ లేదు.

కొనేటప్పుడు

అనంతపురం టవర్ క్లాక్ దగ్గరైనా, కడప ఏడు రోడ్ల దగ్గరైనా, కర్నూలు రాజ్‌విహార్ సెంటర్లోనైనా సెల్ షాపుల్లో ముందుగా చూపించేది వైర్‌లెస్ బడ్స్. ప్రయాణానికి, ఫోన్ మాటలకు అవి సుఖమే. కానీ 2,000 రూపాయల లోపు పాట కోసమే కొంటుంటే వైరున్నదే మంచి ధ్వని ఇస్తుంది, ఎందుకంటే ఆ డబ్బు బ్యాటరీకి, చిప్పుకి పోకుండా డ్రైవరు మీద పడుతుంది. మూన్‌డ్రాప్ చూ 2, టాంగ్జూ వాన్‌ఎర్ వంటివి ఈ మెట్టులోవే. ఇవి ఎక్కువగా ఆన్‌లైన్లోనే దొరుకుతాయి. వైరు విడదీసే వీలున్నదే తీసుకోండి. 0.78 మిల్లీమీటర్ల రెండు పిన్నుల రకం చవకలో దొరుకుతుంది, వైరు తెగితే వైరు మాత్రమే మారుస్తారు.

డ్రైవర్ల సంఖ్య చూసి మోసపోవద్దు. ఆరు డ్రైవర్లున్న చవక జతలో అవి ఒకదానికొకటి అడ్డొచ్చి గొంతు గజిబిజి అయ్యే అవకాశమే ఎక్కువ. సరిగ్గా శ్రుతి చేసిన ఒక్క డైనమిక్ డ్రైవరు దానికంటే మేలు. ‘20 నుంచి 20,000 హెర్ట్జ్’ అన్న రాత కూడా దేనికీ ఉపయోగపడదు, అది అందరి పెట్టె మీదా ఉంటుంది.

ఉపయోగపడేది ఇయర్‌ఫోన్ ఏ స్వరాన్ని ఎంత గట్టిగా పలుకుతుందో చూపే గ్రాఫు. అడ్డంగా ఫ్రీక్వెన్సీ, నిలువుగా డెసిబెల్స్. హార్మన్ సంస్థ పరిశోధకులు శ్రోతలను కూర్చోబెట్టి తేల్చిన 2019 నాటి ఇన్-ఇయర్ గీతను చాలామంది దాని పక్కనే ఉంచి పోలుస్తారు. అదేం వేదం కాదు, కచేరీ వినేవాళ్లకు అందులో బేసు కొంచెం ఎక్కువే. ఎడమ కొనలో గీత ఎంత లేచింది, 3,000 దగ్గర ఎంత లేచింది, ఈ రెండూ చూడండి. 8,000 దగ్గర కనిపించే కొమ్ము తరచూ కొలిచే పరికరంలోని గొట్టం వల్ల వచ్చేది, దాన్ని చూసి భయపడనక్కర్లేదు.

షాపులో విని చూస్తామంటే శుభ్రత పేరుతో ఒప్పుకోకపోవచ్చు. మీ సొంత రబ్బర్లు జేబులో తీసుకెళ్తే ఆ పేచీ ఉండదు. ఆన్‌లైన్ పార్సిలైతే విప్పుతున్నప్పుడు వీడియో తీసి ఉంచండి.

ఫోనుకు తగిలించడం

ఫోనుకు 3.5 మిల్లీమీటర్ల తొర్ర ఉంటే గొడవే లేదు. లేకపోతే టైప్-సి కన్వర్టర్ కావాలి, ఇక్కడే డబ్బులు పోతాయి. వంద రూపాయల కన్వర్టర్లలో కొన్ని ఉత్త తీగలు, లోపల చిప్పు ఉండదు. ఫోనే తన తొర్ర గుండా అనలాగ్ శబ్దం పంపగలిగితేనే అవి పలుకుతాయి, ఐఫోన్ 15 మొదలు చాలా ఫోన్లు అలా పంపవు. ‘డాక్’ (DAC, డిజిటల్ శబ్దాన్ని అనలాగ్‌గా మార్చే చిప్పు) ఉందని స్పష్టంగా రాసి ఉన్నదే అడగండి. 16 నుంచి 32 ఓంల మధ్య ఉండే మామూలు ఇయర్‌ఫోన్లకు అంతకుమించిన ఆంప్లిఫయర్ అక్కర్లేదు.

శబ్దాన్ని దిద్దుకోవడానికి ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్ అనే యాప్ ఉంది, చాలా మోడళ్లకు దిద్దుబాటు అందులో సిద్ధంగా ఉంటుంది. చేత్తో చేసుకునేవాళ్లు ఒక సూత్రం గుర్తుపెట్టుకోవాలి. ఎంత పెంచుతారో, ప్రీఆంప్ (మొత్తం శబ్దం మట్టం) అంత తగ్గించాలి. జాతర పాటలకు 60 హెర్ట్జ్ దగ్గర 5 డెసిబెల్స్ పెంచితే ప్రీఆంప్ మైనస్ 5. అది చేయకపోతే గట్టి దెబ్బ వచ్చినచోటల్లా శబ్దం చిరుగుతుంది, డ్రైవరు పోయిందని మీరు అనుకుంటారు. పెంచడం కంటే తగ్గించడమే మంచి అలవాటు: వయొలిన్ గీరితే 4,000 దగ్గర మైనస్ 2, పాత పాట సొద పెడితే 8,000 పైన మైనస్ 3. అంతకంటే తగ్గిస్తే గాయకుడి ఊపిరి కూడా పోతుంది.

వాల్యూం

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినొచ్చు, పిల్లలకు 75. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ సమయం సగమవుతుంది: 83 అయితే 20 గంటలు, 86 అయితే 10, 89 అయితే 5. కర్నూలు నుంచి అనంతపురం దాకా 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆర్టీసీ బస్సులో మూడు గంటలు కిటికీ పక్కన కూర్చుంటే ఇంజను మోత బేసును కప్పేస్తుంది, మన వేలు తెలియకుండానే వాల్యూం మీదికి పోతుంది. రాత్రి ఇంట్లో ఫ్యాను ఆపి హాయిగా వినే వాల్యూం ఎన్ని గీతలో చూసుకోండి. బస్సులో దానికి రెండు గీతలు మించాల్సి వస్తోందంటే రబ్బరు పట్టు లేదు, మళ్లీ సర్దుకోండి. బండి నడిపేటప్పుడు, రైలు పట్టాలు దాటేటప్పుడు రెండు చెవుల్లోంచీ తీసేయాల్సిందే.

శుభ్రం, మరమ్మతు

మే నెలలో 40 దాటిన ఎండకు చెవి గుమిలి మెత్తబడి, చెమటతో కలిసి ఇయర్‌ఫోన్ మూతి జల్లెడకు అతుక్కుంటుంది. ‘ఒక పక్క శబ్దం తగ్గింది’ అన్న ఫిర్యాదుకు ముందుగా చూడాల్సింది ఇదే. రబ్బరు తీసి, మూతిని లైటుకు ఎదురుగా పట్టండి. జల్లెడ కళ్లు తెరుచుకుని ఉంటే సన్నని చుక్కలుగా మెరుస్తాయి, మూసుకున్నచోట పసుపు పొర కనిపిస్తుంది. మూతిని నేలవైపు వంచి పట్టుకుని పొడి పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా దులపండి, రాలినది కిందికే పడాలి. పైకి పట్టి దులిపితే లోపలికి పోతుంది. పొర గట్టిపడితే దూది పుల్ల కొసను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, పిండేసి, జల్లెడ మీద అద్దండి. సూది పెట్టి పొడిస్తే జల్లెడ చిరిగి డ్రైవరు పోతుంది. నోటితో ఊదితే తేమ లోపల చేరుతుంది. సిలికాన్ రబ్బర్లను గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక తొడగండి.

చెవిలో నూనె చుక్కలు వేసుకునే అలవాటున్న ఇళ్లలో ఇంకో జాగ్రత్త. నూనె పోసుకున్న రోజు ఇయర్‌ఫోన్ ముట్టుకోకండి. జల్లెడలోకి పాకిన నూనె ఆల్కహాల్‌కు కూడా సులువుగా వదలదు. చెవిలో నొప్పి, చీము, గుయ్యిమనే మోత ఉంటే పాటలు ఆపి డాక్టరుకు చూపించండి, కర్నూలు పెద్దాసుపత్రిలోనూ ఈఎన్‌టీ విభాగం ఉంది.

పెట్టుకునేటప్పుడు లోపల పలచని కాగితం నలిగినట్టు చిటచిటమంటే కంగారు వద్దు. ఇరుక్కున్న గాలికి పొర వంగుతోంది. చెవి లాగి, ఇంకా నెమ్మదిగా పెట్టుకుంటే పోతుంది. వైరు చొక్కాకు రాసుకుని గరగరమంటే మెడ దగ్గరి చిన్న ముడిని పైకి జరిపి బిగించండి. వైర్‌లెస్ బడ్స్‌లో ఒకటి ఛార్జి ఎక్కకపోతే కేసులోని, బడ్ మీది లోహపు చుక్కలను పొడి గుడ్డతో తుడవండి. చెమట ఉప్పు అక్కడ పచ్చగా చిలుము పడుతుంది. కేసును ఎండలో నిలిపిన బండి డిక్కీలో వదిలేస్తే బ్యాటరీ తొందరగా వృద్ధాప్యంలోకి వెళ్తుంది.

చివరగా, వైరు మార్చాక మాత్రమే వచ్చే ఒక తికమక. రెండు పక్కలా శబ్దం బాగానే వస్తుంది, కానీ బేసు మాయమై, గొంతు తల మధ్యలో నిలబడకుండా రెండు పక్కలకూ చెదిరిపోతుంది. రబ్బర్లు మార్చినా అంతే. రెండు పిన్నుల వైరులో ఒక పక్క తలకిందులుగా దిగింది. ఒక పొర ముందుకు వస్తుంటే రెండోది వెనక్కి పోతోంది. మోనో పాట ఒకటి పెట్టి, ఒక్క పక్క పిన్నును తీసి తిప్పి గుచ్చండి, గొంతు నడిమధ్యకు వచ్చి కూర్చుంటుంది. ఎర్ర చుక్క ఉన్నది కుడి పక్క.